సీజనుకో జెర్సీ, ఒకటే మోకాలు

విజయనగరంలో ఫిజియోథెరపీ చేస్తూ నాకు పదహారేళ్ళు దాటాయి. మోకాలి నొప్పితో రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. ఈ ఒక్క కేసు వివరంగా రాయాలనిపించి ఆయన్నే అడిగాను. "నా పేరు, స్కూలు పేరు వొగ్గీసి మిగతాదంతా రాయండి మేడం, పిల్లలకి పనికొస్తాది" అన్నారు. ఊరు తప్ప గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. రాసింది ఆయనకీ, వాళ్ళ నాన్నగారికీ చదివి వినిపించాను.

2024 ఆషాఢ మాసంలో మొదటిసారి వచ్చారు. 47 ఏళ్ళు, 172 సెంటీమీటర్లు, 84 కిలోలు. ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీ. పొద్దున, సాయంత్రం ఫుట్‌బాల్ కోచింగ్. ఊళ్ళో అందరూ మాస్టారు అనే పిలుస్తారు, నేనూ అంతే. వారం క్రితం స్కూటర్‌కి స్టాండ్ వేస్తూ కుడికాలి మీద కొంచెం తిరిగారు. మోకాలు జారిపోయింది, కింద పడ్డారు. మెట్లు దిగుతుంటే నొప్పి, సాయంత్రానికి వాపు, పొద్దున్నే ఓ పదిహేను నిమిషాలు బిగుసుకుపోవడం. ఇవన్నీ రెండు మూడేళ్ళుగా ఉన్నవే.

"గుజ్జు అరిగిపోయిందన్నారండి. ఏవో నాలుగు ఎక్సర్‌సైజులు రాసిచ్చీండి, చేసేసుకుంటాను" అన్నారు, ఇంకా కుర్చీలో సరిగ్గా కూర్చోకుండానే.

వాళ్ళది మూడు తరాల ఫుట్‌బాల్ ఇల్లు. తాతగారు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో గ్యాంగ్‌మన్. ఖరగ్‌పూర్‌లో పనిచేసినప్పుడు బెంగాలీ కుర్రాళ్ళతో ఆడి ఆట పట్టుకున్నారు, అదీ వట్టి కాళ్ళతో. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు ఎక్కువమంది వట్టి కాళ్ళతోనే ఆడి ఫ్రాన్సు చేతిలో 2-1 తేడాతో మాత్రమే ఓడారని, నాలుగేళ్ళ తర్వాత హెల్సింకిలో యుగోస్లావియా 10-1తో కొట్టాక బూట్లు తప్పనిసరి చేశారని ఆ ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నాన్నగారు జ్యూట్ మిల్లు కార్మికుడు, జిల్లా జట్టుకి ఫుల్ బ్యాక్. మిల్లు షిఫ్టు అయ్యాక కొడుకులనీ వీధిలో పిల్లలనీ వెంటబెట్టుకుని అయోధ్య మైదానానికి పోయేవారు. పండక్కి అల్లుడొచ్చినా సాయంత్రం బంతి తన్నాల్సిందేనట.

ఇదంతా కేసు షీట్‌లో ఎందుకు రాసుకున్నానంటే, ఆ ఇంట్లో నొప్పి గురించి మాట్లాడే అలవాటు లేదు. నొప్పి పదికి ఎంత అని నేను అడిగితే మాస్టారు మొదట "రెండు" అన్నారు. మా క్లినిక్ మెట్లు దిగి చూపించమన్నాను. మూడో మెట్టు దగ్గర రెయిలింగ్ పట్టుకున్నారు. "ఆరు వేసుకోండి" అన్నారు.

1999లో ఏం జరిగింది

అప్పుడు ఆయనకి 22. రైట్ వింగర్, అంటే ముందు వరసలో కుడి గీత వెంట పరిగెత్తే ఆటగాడు. జిల్లాల మధ్య మ్యాచ్‌లో రెండో హాఫ్. పక్కన ఎవరూ లేరు, ఎవరూ తగల్లేదు. పరుగులో ఆగి ఎడమ వైపుకి తిరగబోయారు. కుడికాలు నేలకి అతుక్కున్నట్టు ఉండిపోయింది, మోకాలు లోపల 'టప్'మని శబ్దం. గీత బయట నిలబడ్డ తండ్రి పరిగెత్తుకొచ్చి తువ్వాలుతో గట్టిగా కట్టి, "లెగు, ఏటీ అవలేదు" అని మళ్ళీ లోపలికి తోశారు. ఇంకో ఇరవై నిమిషాలు ఆడారు. రాత్రికి మోకాలు గుమ్మడికాయంత అయింది. మర్నాడు పసరు కట్టు. 21 రోజుల తర్వాత కట్టు విప్పితే వాపు లేదు, నడవగలుగుతున్నారు. బాగైపోయిందనుకున్నారు.

ఎవరి దెబ్బా తగలకుండా తిరిగేటప్పుడు 'టప్'మనడం, కొన్ని గంటల్లోనే బాగా వాచిపోవడం, ఈ రెండూ కలిసి వచ్చాయంటే ఏసీఎల్ తెగిందనే ముందు అనుకోవాలి. ఆ వాపు కీలులోకి దిగిన రక్తం. ఏసీఎల్ అంటే మోకాలి మధ్యలో ఉండే లిగమెంటు. కింది ఎముక ముందుకి జారకుండా, మెలిపడకుండా పట్టి ఉంచేది అదే. పూర్తిగా తెగితే మామూలుగా తనంతట తాను సరిగ్గా అతుక్కోదు. కానీ తిన్నగా నడవడానికి, తిన్నగా పరిగెత్తడానికి అది పెద్దగా అక్కర్లేదు. మోసమంతా అక్కడే. రెండు నెలల్లో ఆయన మైదానం చుట్టూ పరిగెత్తేశారు. తిరగడం దగ్గరే తేడా వచ్చింది.

ఆ తర్వాత పన్నెండేళ్ళ ఆట జీవితాన్ని నేను ఒక కాగితం మీద ఏడాదివారీగా రాయించాను. ఏ జట్టు, ఏ పొజిషన్, ఎందుకు మానేశారు. మామూలుగా హిస్టరీలో ఇంత అడగం. ఆయన చెబుతుంటే ఆసక్తి కొద్దీ రాస్తూ పోయాను.

2000లో విశాఖలో ఒక డిపార్ట్‌మెంట్ జట్టుకి స్టైపెండ్ మీద చేరారు. తొమ్మిది మ్యాచ్‌ల తర్వాత వాపు, మరుసటి ఏడు పిలవలేదు. 2001లో స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి ట్రయల్స్, జిగ్‌జాగ్ పరుగులో మోకాలు జారింది. తర్వాత మూడేళ్ళు కలకత్తాలో కింది డివిజన్ క్లబ్బులు. ఆదివారాలు ఊళ్ళ టోర్నమెంట్లలో డబ్బులకి ఆడడం, దాన్ని అక్కడ ఖేప్ అంటారు. ఒక సీజన్ కేరళలోని మలబారులో సెవెన్స్, అంటే జట్టుకి ఏడుగురే ఆడే ఫుట్‌బాల్. తర్వాత బరంపురం, కటక్. 2011లో తిరిగి ఇంటికి. మొత్తం ఎనిమిది జెర్సీలు. వింగర్‌గా మొదలై, మధ్య వరసలో సైడ్ హాఫ్‌కి జరిగి, చివరికి వెనక గోల్ ముందు అడ్డుకునే స్టాపర్‌గా ముగించారు.

కాగితం పూర్తయ్యాక ఇద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాం. ఏ జట్టు దగ్గరా మ్యాచ్‌లు పది పన్నెండు దాటలేదు. ప్రతిసారీ సీజన్ మధ్యలో వాపు. పొజిషన్ మారిన ప్రతిసారీ పక్కలకి తిరిగే అవసరం తక్కువున్న చోటికే మారారు. "ఊళ్ళో నన్ను నిలకడ లేనోడంటారండి. మా నాన్న కూడా అనేవోడు" అన్నారు. నిలకడ లేనిది మోకాలికి. ఆ కాగితంలో ఉన్నది పాతికేళ్ళుగా ఎవరూ చదవని మెడికల్ రిపోర్టు. ఆ మాటే చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

పరీక్షలో తేలింది

కుడి మోకాలు పూర్తిగా చాచలేకపోయారు, 7 డిగ్రీలు తక్కువ. వంచడం 118 డిగ్రీలు, ఎడమది 138. మోకాలిచిప్పకి 15 సెంటీమీటర్ల పైన తొడ చుట్టుకొలత ఎడమ 52.5, కుడి 49. అంటే మూడున్నర సెంటీమీటర్ల కండ పోయింది. లోపలి వైపు కీలు గీత మీద నొక్కితే నొప్పి. కుర్చీలోంచి చేతులు వాడకుండా 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలరని చూస్తే 9.

లాక్‌మన్ పరీక్షలో మోకాలు కొద్దిగా వంచి, తొడ ఎముకని ఒక చేత్తో పట్టి, కింది ఎముకని ముందుకి లాగుతాం. లిగమెంటు ఉంటే టక్కుమని ఆగుతుంది. ఈయనది ఆగలేదు, మెత్తగా జారుకుంటూ వచ్చేసింది. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో లోపలి వైపు సందు బాగా తగ్గింది, అంచుల్లో ఎముక ముళ్ళు. గ్రేడ్ 3 అరుగుదల. ఏసీఎల్ గానీ మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండేది) గానీ దెబ్బతిన్నవాళ్ళలో దాదాపు సగం మందికి పది నుంచి ఇరవై ఏళ్ళలో ఇలా అరుగుతుందని తెలిసిన సంగతే. ఆర్థోపెడిక్ డాక్టర్ గారి అభిప్రాయం తీసుకున్నాం. ఇంత అరిగాక లిగమెంటు కొత్తగా వేసి లాభం లేదు, కీలు మార్పిడికి ఇంకా వయసు కాలేదు, ముందు కండరం పెంచి బరువు తగ్గించండి అన్నారు. నాదీ అదే మాట.

ఇక్కడే నేను పొరపాటు చేశాను. నలభై ఏడేళ్ళ అరుగుదల కేసు అనగానే నా చేతికి వచ్చే కాగితమే ఇచ్చాను. తొడ బిగించడం, కాలు తిన్నగా పైకెత్తడం, మడమ జరపడం, చిన్న గుంజీలు, ఒక్కోటి పదేసి చొప్పున మూడు సెట్లు, రోజుకి రెండుసార్లు. వారం వారం వచ్చి "చేస్తన్నానండి" అనేవారు. ఆరు వారాల తర్వాత తొడ అదే 49, నొప్పి అదే ఆరు. చేయడం లేదని తెలుస్తూనే ఉంది. గట్టిగా అడిగితే తలదించుకున్నారు. "మంచం మీద పడుకుని కాలెత్తుతుంటే రోగిష్టోడిలాగ ఉంటాదండి. మా ఇంట్లో ఎవులూ అలగ పడుకోలేదు."

ఆయన రోజుకి నాలుగు గంటలు ఏం చేస్తున్నారో నేను అడగనేలేదు. మర్నాడు పొద్దున్న అయిదున్నరకి మైదానానికి వెళ్ళాను.

మైదానంలో

ఊరి చివర ఎర్రమట్టి నేల, మధ్యలో గులకరాళ్ళు. 12 నుంచి 16 ఏళ్ళ పిల్లలు 36 మంది. సగం మందికి బూట్లు లేవు. ఉన్నవాళ్ళవి పెద్దవాళ్ళు వాడి ఇచ్చినవి, పచ్చగడ్డి కోసం చేసిన పొడుగు స్టడ్స్ (బూటు అడుగున ఉండే బొడిపెలు). గట్టి నేల మీద ఆ స్టడ్స్ దిగవు, లేదా పగుళ్ళలో ఇరుక్కుంటాయి. పాదం ఆగిపోయి, శరీరం తిరిగితే మెలి మోకాలి మీద పడుతుంది. మాస్టారు కాళ్ళకీ అవే బూట్లు.

వచ్చీ రాగానే రెండు రౌండ్లు పరుగు, వెంటనే షూటింగ్. గోల్‌కీపర్ కుర్రాడికి ఆయనే బంతులు కొడుతున్నారు, కుడికాలితో. నేను లెక్కపెట్టాను, 60 దాటాయి. మధ్యలో కూర్చున్నది లేదు. ఆ మోకాలికి నా కాగితం మీది వ్యాయామం ఏం సరిపోతుంది?

ఇంకో సంగతి కనబడింది. పదమూడేళ్ళ కుర్రాడొకడు మోకాలికి క్రేప్ బ్యాండేజి చుట్టుకుని కుంటుతూ పరిగెత్తుతున్నాడు. ఏమైందిరా అంటే మాస్టారే జవాబు చెప్పారు: "ఏటీ లేదండి, కొంచెం బొడిపి కట్టింది. కట్టు కట్టినాను. మేమందరం అలగే ఆడినాం." ఆ మాట అనేసి ఆయనే ఒక్క క్షణం ఆగారు. అరటితొక్క మీద కాలు పడ్డట్టు ఆయన మొహం మారింది. నేను ఏమీ అనలేదు. రావిచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న నాన్నగారు, 74 ఏళ్ళు, చెయ్యెత్తి "ఒరే, లెఫ్ట్ ఖాళీగా ఉందిరా!" అని అరుస్తున్నారు.

ఆ కుర్రాడిది ఆస్గుడ్ ష్లాటర్. ఎదిగే వయసులో, మోకాలిచిప్ప కింద స్నాయువు ఎముకకి అతుక్కునే చోట, పరుగులు గెంతుల లాగుడికి వచ్చే వాపు. ప్రమాదకరమైనది కాదు. కానీ కట్టు కట్టి పరిగెత్తిస్తే నెలలు నెలలు సాగుతుంది. పూర్తిగా మంచానికి కట్టేయనక్కర్లేదు, గెంతులు, స్ప్రింట్లు తగ్గిస్తే చాలు.

ఆ రోజు నుంచి వైద్యం క్లినిక్ నుంచి మైదానానికి మార్చాను. ఫిఫా 11+ అనే వార్మప్ ఉంది. 15 వ్యాయామాలు, సుమారు 20 నిమిషాలు. ముందు 8 నిమిషాలు మెల్లటి పరుగులు, తర్వాత 10 నిమిషాలు బలం, బ్యాలెన్స్, గెంతులు, చివర 2 నిమిషాలు వేగం పరుగులు. ఖర్చు లేదు, పరికరాలు అక్కర్లేదు. 2008లో ప్రచురించిన నార్వే అధ్యయనంలో 13 నుంచి 17 ఏళ్ళ అమ్మాయిలు 1,892 మంది మీద చూస్తే, ఇది చేసిన జట్లలో గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. పద్నాలుగు దాటినవాళ్ళకి ఇది, చిన్నవాళ్ళకి 11+ కిడ్స్ అని వేరే ఉంది. అందుకే పిల్లల్ని రెండు గుంపులు చేశాం.

మాస్టారిని నేను అడిగింది ఒక్కటే. పిల్లలతో పాటు మీరూ చేయండి, ముందు నిలబడి చూపించండి. మోచేతుల మీద పలక లాగా నిలిచే బెంచ్, పక్కకి తిరిగి బెంచ్, ఒంటికాలి మీద నిలబడడం, గుంజీలు, ఇవన్నీ ఆయన మోకాలికి నేను రాయాల్సినవే. తొడ వెనక కండరానికి చేసే నార్డిక్ హామ్‌స్ట్రింగ్‌కి మోకాళ్ళ మీద నిలబడాలి కాబట్టి ఆయనకి బదులు బ్రిడ్జ్, అంటే వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం, ఇచ్చాను. గెంతులు ఆయనకి వద్దన్నాను. ఆ సమయంలో ఎదురుగా నిలబడి పిల్లల మోకాళ్ళు లోపలికి పడుతున్నాయేమో చూడడం ఆయన పని. గుంజీల్లో నొప్పి పదికి నాలుగు వరకూ ఫర్వాలేదు, మర్నాటికి తగ్గిపోవాలి, తగ్గకపోతే లోతు తగ్గించాలి అని నియమం పెట్టాం.

మంచం మీద కాలెత్తని మనిషి, 36 మంది ముందు ఒక్క రోజు మానలేదు.

గోల్‌కీపర్‌కి బంతులు కొట్టే పని పదహారేళ్ళ ఇద్దరు కుర్రాళ్ళకి అప్పగించాం. మాస్టారికి పొట్టి రబ్బరు స్టడ్స్ ఉన్న టర్ఫ్ షూస్. ప్రతి అరగంటకి అయిదు నిమిషాలు స్టూలు మీద కూర్చోవడం, దీనికి మాత్రం ఒప్పించడానికి నెల పట్టింది. రాత్రి అన్నం తగ్గించారు, సాయంత్రం గ్రౌండు దగ్గర బజ్జీలు మానేశారు.

అక్టోబరులో వెనక్కి పోయాం. సిరిమానోత్సవం రోజు మూడు లాంతర్ల దగ్గర నుంచి కోట దాకా జనంలో చెప్పుల్లేకుండా పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడ్డారు. మర్నాడు మోకాలు ఉబ్బింది, నొప్పి ఏడు. అమ్మవారి పండగకి వెళ్ళొద్దని విజయనగరంలో ఎవరూ అనరు, నేనూ అనను. పది రోజులు గుంజీలు ఆపి, ఐసు పెట్టి, నిలబడే సమయం సగానికి తగ్గించి మళ్ళీ మొదలుపెట్టాం. వచ్చే ఏడాది కుర్చీ పట్టుకెళ్తారట.

నాన్నగారు

నవంబరులో ఒక సాయంత్రం నాన్నగారు ఒక్కరే క్లినిక్‌కి వచ్చారు. కొడుకు ఎక్స్‌రే చూపించమన్నారు. మాస్టారికి ఫోన్ చేసి అనుమతి తీసుకుని లైట్ బాక్స్ మీద పెట్టాను. ఎడమ మోకాలి సందు, కుడి మోకాలి సందు వేలితో చూపించాను. చాలాసేపు చూశారు. "ఆరోజు నానే తోసినానమ్మా లోపలికి" అన్నారు.

ఇరవై నిమిషాలు ఆడకపోయినా లిగమెంటు అప్పటికే తెగి ఉంటుందని చెప్పాను. అది నిజం. తెగిన మోకాలితో ఆడడం వల్ల మెనిస్కస్ దెబ్బతినే అవకాశం పెరుగుతుందన్నదీ నిజమే, ఆయన అడిగారు కాబట్టి అదీ దాచలేదు. నేను ఆయన్ని తప్పుపట్టలేను. 1999లో ఆ ఇంటికి ఎమ్మారై అంటే విశాఖ ప్రయాణం, మిల్లు కూలీ నెల జీతం. కట్టు కట్టడమే వాళ్ళకి తెలిసిన వైద్యం, అది ప్రేమతోనే కట్టారు. వెళ్ళేముందు "మరి ఆ బొడిపి కుర్రాడికి?" అని అడిగారు. చెప్పాను.

అయినా డిసెంబరులో అండర్-14 సెలెక్షన్ మ్యాచ్ ముందు తండ్రీ కొడుకులకి గొడవ అయింది. ఆ కుర్రాడు బాగా ఆడతాడు, నొప్పి చాలావరకు తగ్గింది, కానీ గెంతితే ఇంకా ఉంది. మాస్టారు ఆ మ్యాచ్‌కి వాణ్ణి పక్కన పెట్టారు. "ఈపాటి దానికి కూసోబెట్టీస్తావేటి? మళ్ళీ ఏడాది దాకా ఛాన్సు రాదు" అని పెద్దాయన చెట్టుకింద నుంచి లేచొచ్చారు. ఆ బాధ నాకు అర్థమైంది. ఛాన్సు పోవడమంటే ఏమిటో ఆ ఇంటికి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. మాస్టారు వాదించలేదు. కుర్రాడి చేతికి స్కోరు పుస్తకం ఇచ్చి పెద్దాయన పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ కుర్రాడు ఆ ఏడు సెలెక్ట్ కాలేదు. జనవరి నుంచి నొప్పి లేకుండా ఆడుతున్నాడు.

ఆర్నెల్ల తర్వాత

2025 ఫిబ్రవరిలో కొలిచినవి: మెట్లు దిగేటప్పుడు నొప్పి 6 నుంచి 2. తొడ కుడి వైపు 50.5. చాచడంలో లోటు 7 నుంచి 3 డిగ్రీలు. కుర్చీ పరీక్ష 9 నుంచి 14. బరువు 79. ఎక్స్‌రే మళ్ళీ తీయించలేదు, అరిగింది తిరిగి రాదు కాబట్టి అవసరం లేదు. లాక్‌మన్ అదే మెత్తగా ఉంది, లిగమెంటు లేని మోకాలు లేనట్టే ఉంటుంది. ఈ ఆరు నెలల్లో ఒకసారి జారింది, బావి గట్టు దిగుతూ. పడలేదు, తొడ కండరం పట్టి నిలిపింది. ఎప్పటికైనా కీలు మార్పిడి అవసరం రావచ్చని ఆయనకి స్పష్టంగా చెప్పాను. యాభై అయిదు దాకా నెట్టగలిగితే చాలని ఇద్దరం అనుకుంటున్నాం.

పిల్లల గాయాలు తగ్గాయా అంటే, తగ్గినట్టే కనబడుతోంది, కానీ ఒక్క గుంపుని చూసి, పోల్చడానికి ఇంకోటి లేకుండా నేను అంకె చెప్పను. ఇప్పుడు ఎవరికి ఎక్కడ నొప్పి వచ్చిందో తేదీతో సహా ఒక నోట్‌బుక్కులో రాస్తున్నారు. మొదట్లో పేజీలు ఖాళీగా ఉండేవి, చెప్పడానికి పిల్లలు భయపడేవాళ్ళు. ఇప్పుడు నిండుతున్నాయి. ఎక్కువ రాస్తున్నారు కాబట్టి గాయాలు పెరిగాయనుకోకూడదు.

చివరిసారి వచ్చినప్పుడు తన మోకాలి గురించి రెండు నిమిషాలే మాట్లాడారు. ఫోన్లో వీడియో తీశారు. పద్నాలుగేళ్ళ కూతురు, నాలుగో తరం, సెప్టెంబరు నుంచి ఆడుతోంది. తండ్రిలాగ వింగర్ కాదు, మధ్యలో ఆడుతుందట. స్టూలు మీద నుంచి దూకి రెండు కాళ్ళ మీద దిగుతోంది. "కుడి మోకాలు లోపలికి పోతంది కదండీ?" అన్నారు. పోతోంది. ఫుట్‌బాల్‌లో అబ్బాయిలకంటే అమ్మాయిలకి ఏసీఎల్ తెగే ప్రమాదం రెండు మూడు రెట్లు ఎక్కువ. నెమ్మదిగా దిగడం, మోకాలు పాదం మీదుగా ఉంచడం, తుంటి కండరాలకి పని, వారానికి మూడు రోజులు రాసిచ్చాను. అదే స్టూలు, అదే దూరం, అదే కోణంలో జూన్‌లో మళ్ళీ వీడియో తీసి పక్కపక్కన పెట్టి చూస్తాం.